తువ్వాలు కింద

“నాను మరి ఆడను. ఓపిక నేదు,” అన్నాడు జనార్దనరావు.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసీ చేసీ తల నెరిసిన మనిషి. ఒకసారి వద్దన్న బేరానికి మళ్లీ వెళ్లడని బజారంతటికీ తెలుసు. కూతురు శ్రావణికి ఇంకా బాగా తెలుసు.

ఆట శ్రావణిదే. ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని తయారు చేసింది. బల్ల మీద యుద్ధభూమి పటం, దాని చుట్టూ నలుగురుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు కత్తివీరుడో, విలుకాడో, మంత్రగాడో అయిపోయి ఆ కథలో రాక్షసులతో పోరాడతారు. దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఒక ఆదివారం మనిషి తక్కువయ్యాడని తండ్రిని కూర్చోబెట్టింది. ఆయన కత్తివీరుడయ్యాడు. ఇక అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం గోడౌనుకి తాళం వేయడానికి ఆయనకే తొందర. వారమంతా మోసిన బరువు ఆ బల్ల దగ్గరే దించుకునేవాడు.

పోయిన ఆదివారం చెడింది. పాచిక దొర్లి ఆగింది. జనార్దనరావు వంగి, “పద్దెనిమిది,” అన్నాడు.

శ్రావణి స్నేహితుడు అవినాష్ పకపకా నవ్వాడు. “పదమూడు పడితే పద్దెనిమిదంతావేటి మావా? తొండి. ఇది మీ గోడౌన్లో కాటా కాదు.”

ఆయన కాదనలేదు. “యాపారం సేసే సెయ్యి గదా, అలవాటు,” అని లేచిపోయాడు. తండ్రి తొండివాడని నలుగురిలో అనిపించుకోవడం శ్రావణికి కష్టమనిపించింది. అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం ఇంకా కష్టమనిపించింది.

ఈ మధ్య ఆయన ఒక్కొక్క పనీ వదిలించుకుంటున్నాడు. స్కూటరు గుమస్తా తిరుమలరావుకి ఇచ్చేసి ఆటోలో తిరుగుతున్నాడు. బిల్లులు చదివే పనీ అతనికే అప్పజెప్పాడు. పప్పు మాత్రం ఎవరికీ వదల్లేదు. గుప్పెట్లోకి తీసుకుని, వేళ్ల మధ్య దొర్లించి, ఇది గుండు, ఇది బద్ద అని తేల్చేస్తాడు. అందులో ఇప్పటికీ గింజ తేడా రాదు. మిగతావాటికి అడిగినవాళ్లకల్లా ఒకటే జవాబు. ఓపిక లేదు.

ఇప్పుడు ఆటకీ అదే జవాబు. శ్రావణి వాదించలేదు. కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుంది.

“కొత్త వీరుణ్ని తయారు సేత్తన్నాను నాన్నా. వీడికి ఆయుధం ఉండదు. వట్టి సేతుల్తో కొడతాడు. బొమ్మ గీసినాను, సూడు.”

కాగితం చేతిలో పెట్టింది. జనార్దనరావు దాని అంచుని బొటనవేలితో రుద్దాడు.

“దళసరి కాయితం. ఆటకింత కర్సేటే?”

శ్రావణి కాగితం వెనక్కి తీసుకుంది.

“వీడికి బలం ఎంతియ్యాలో తేలడం నేదు.”

“నాను ఆడనన్నాను గదా.”

“ఆడొద్దు. ధర కట్టు సాలు.”

ధర కట్టమంటే ఆయన నోరు ఊరుకోదు. గడ్డం గోక్కున్నాడు.

“కత్తోడికి కత్తి కర్సు. విలుకాడికి బాణాల కర్సు. వీడికి కర్సే నేదు. బలం కూడా సమానంగా ఇచ్చేత్తే ఆ అవినాష్ గోల పెట్టడా? వీడు కొట్టే ప్రతి దెబ్బా సొంత మదుపులోంచే పోవాల.”

“వీడికి మదుపేటి?”

“దమ్ము. ఓ పది దమ్ములియ్యి. సిన్న దెబ్బకి ఒకటి పోద్ది. గట్టిగా కొడితే ఐదు. అన్నీ అయిపోతే కూలబడిపోతాడు.”

“మళ్లీ ఎలాగొత్తాది?”

“కూకుంటే వత్తాది. ఎంతటోడైనా కూకోవాల గదమ్మా.”

ఆ మాట ఆయన వీరుడి గురించి అన్నట్టు లేదు. శ్రావణి కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది.

“పటం కూడా అక్కర్లేదు వీడికి. సెయ్యందేంత దగ్గరికెళ్లే కొడతాడు గదా. పాచికలు కూడా తీసేద్దాం.”

జనార్దనరావు కుర్చీలో కదిలాడు. “పాచిక నేకుండా దెబ్బెలా తేలుద్ది?”

“అదే తేలడం నేదు. అందుకే నీకాడికొచ్చినాను.”

వీధి చివర ఫ్యాక్టరీ నుంచి జీడిపిక్కలు కాలుతున్న వాసన వస్తోంది. స్టేషన్లో ఏదో బండి కూసింది. అది దాటిపోయేదాకా ఆయన గుప్పెట ముడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

“ఎడ్ల సంతలో మా కాలంలో బేరం నోటితో సేసీవోరు కాదు. సేతులు కలిపి, పైన తువ్వాలు కప్పీవోరు. ఎంతన్నది ఏళ్లు నొక్కి సెప్పడమే. నలుగురూ సుట్టూ నిలబడినా ధర ఒక్కడికీ తెలీదు. ఇలా తే సెయ్యి.”

“ఉండు,” అని శ్రావణి లేచింది. కొక్కేనికున్న తువ్వాలు దులిపిన చప్పుడైంది. వచ్చి కూర్చుని, ఇద్దరి చేతుల మీదా కప్పింది.

“నేను రాక్షసుణ్ని. నాకూ పది దమ్ములే. ఇద్దరం ఒకేసారి నొక్కుతాం. ఎక్కువ ఏళ్లు నొక్కినోడి దెబ్బ తగిలినట్టు. ఎన్ని ఏళ్లు నొక్కితే అన్ని దమ్ములు పోతాయి. సరేనా?”

రాక్షసుడు వచ్చీరాగానే ఐదు వేళ్లూ నొక్కేశాడు. జనార్దనరావు ఒక్కటే నొక్కాడు. దెబ్బ తిన్నాడు. రెండోసారి రాక్షసుడు నాలుగు. ఆయన మళ్లీ ఒకటే.

“అయిపోయింది నీ పని,” అన్నాడు. “నీకింక ఒక్క దమ్ముంది. నాకు ఎనిమిదున్నాయి.”

మూడోసారి ఆయన రెండు నొక్కాడు. దమ్ములన్నీ అయిపోయి రాక్షసుడు కూలబడి చచ్చాడు. జనార్దనరావు నవ్వాడు. ఈ వారంలో అదే మొదటి నవ్వు.

“ఆదివారం ఆ అవినాష్‌ని నా ఎదురుగా కూకోబెట్టు. తొండో కాదో సెప్తాను. అది సరే గానీ, సంతలోనంటే నలుగురూ ఉంటారు. ఇక్కడ మనిద్దరమే గదే, తువ్వాలెందుకు?”

శ్రావణి ఆయన చెయ్యి వదల్లేదు.

“నీకు సూపు ఆననప్పుడు నేనొక్కదాన్నే సూసి ఆడితే తొండి కదా, నాన్నా.”