పసుపు వేలిముద్రలు

"మనసులోంచి పోని నవల ఏదైనా ఉంటే ఇవ్వండి." పసుపు మిల్లులో పనిచేసే నాంచారమ్మ ప్రతి సోమవారమూ ఇదే అడుగుతుంది. నేను ప్రతిసారీ నదులు ఎండిపోయిన ఊరి కథే ఇస్తాను.

మా దుగ్గిరాల గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చేవాళ్లు బల్ల మీది మిషన్‌కి నుదురు ఆనించాలి. చదివిన కథ మనసులోంచి చెరిగిపోతుంది. ఆలోచిస్తూ కూర్చుంటే పనులు సాగవని అన్ని ఊళ్లలోనూ పెట్టిన పద్ధతే ఇది.

శనివారం ఆమె పుస్తకం తెరిచి చూపించింది. తల్లి ఖాళీ బిందెతో తిరిగొచ్చే పేజీ నిండా పసుపు వేలిముద్రలు.

"మా మిల్లు మనిషే ఎవరో నాలాగే ఇక్కడ ఆగిపోయిందండీ. ఎవరో కాస్త కనుక్కుని చెప్పండి, మాట్లాడాలనుంది."

అవన్నీ ఆమె వేళ్లే. మొదట్లో ఆ సంగతి చెప్పేవాణ్ణి. కాసేపు ఏడ్చి, నుదురు ఆనించి వెళ్లిపోయేది.

"కనుక్కుంటానమ్మా," అన్నాను.

నుదురు ఆనించింది. పుస్తకాన్ని చేతికందే అరలోనే పెట్టాను.

సోమవారం వచ్చింది.

"మనసులోంచి పోని నవల ఏదైనా ఉంటే ఇవ్వండి. మిల్లులో నాలాగా చదివేవాళ్లు ఒక్కరూ లేరండీ."