వీ సిక్స్‌కి బేరం

"ఒక్కపారి రేజ్ చెయ్ అన్నా," అన్నాడు ధీరజ్, ఎత్తిన బానెట్ కిందికి చెవి వంచి.

యిర్మీయా సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. సౌదీలోని దమ్మామ్‌లో ఆ పాత బిల్డింగ్ పార్కింగంతా ఆరు సిలిండర్ల గర్జనతో నిండిపోయింది. కుటుంబాల మీద వేసిన లెవీ దెబ్బకి పెళ్ళాం పిల్లల్ని ఊళ్లకి పంపేసుకున్నవాళ్లే అందరూ. సగం ఫ్లాట్లు ఖాళీ. చప్పుడని విసుక్కునే వాళ్లు కూడా మిగల్లేదు.

ధీరజ్ కళ్లు మూసుకుని మరీ విన్నాడు. కరీంనగర్ కుర్రాడు, జుబైల్‌లో ఇంజనీరు. వీ సిక్స్ పిచ్చోళ్లంతా చేరిన వాట్సాప్ గ్రూపులో యిర్మీయా పెట్టిన ఫొటో చూసి పనిమాలా వచ్చాడు.

"కొత్త మోడల్ నడిపి చూసిన అన్నా. ఈ ఇంజన్ తీసేసి అంతా హైబ్రిడే జేసిండ్రు. బటన్ ఒత్తితే సప్పుడే లేదు. స్టార్ట్ గాలేదేమో అని మళ్ల ఒత్తితే బందైంది. మా ఇంట్ల కుక్కర్ నయం, విజిలన్న ఏస్తది."

చాలా రోజుల తర్వాత యిర్మీయాకు నవ్వొచ్చింది.

"చూడ్డానికి పిల్లల్ని బడిలో దింపే బండిలాగే ఉంటది తమ్ముడూ. తొక్కితే గానీ తెలీదు."

"అదే గదన్నా దీని అందం. ఇగ ఇట్లాంటిది రాదు. తీసుకుంట. రేపే పేరు మార్పిద్దాం."

యిర్మీయా స్టీరింగును అరచేత్తో ఒకసారి నిమిరాడు. స్పేర్‌పార్టుల కంపెనీలో అతని సేల్స్ కుర్చీ, స్థానికులకే ఉద్యోగాలన్న నితాకత్ లెక్కలో ఒక సౌదీ కుర్రాడికి వెళ్లిపోయింది. అతను అమలాపురం తిరిగి వెళ్లాలి. భార్య ప్రేమజ్యోతి మాత్రం ఇక్కడే నర్సుగా ఉండాలి. కాకినాడలో నర్సింగ్ చదువుతున్న కూతురు బ్లెస్సీకి ఇక ఆ ఒక్క జీతమే దిక్కు. భర్తను తన నివాస పర్మిట్, ఆ ఇకామా మీదికి మార్చుకోవాలని జ్యోతి తిరగని ఆఫీసు లేదు. కుదరదన్నారు. ఆస్పత్రి హాస్టల్లో ఆమెకు మంచం కూడా చూపించేశారు. మళ్లీ ఎప్పుడు కలుస్తామన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పుకోవాలో ఇద్దరికీ తెలీదు.

ఇక అతనికి మిగిలిన కోరిక ఒక్కటే, బండి దాని విలువ తెలిసినవాడి చేతిలో పడాలని. ఇంతకుముందు వచ్చిన రెండు బేరాలూ జ్యోతి నోటి చలవ వల్లే పోయాయి. అందుకే ధీరజ్‌ని ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు రమ్మన్నాడు.

ఫోన్ మోగింది. దేశం విడిచి వెళ్లిపోయేవాళ్లకి ఫైనల్ ఎగ్జిట్ వీసా కాగితాలు చూసే కంపెనీ మందూబ్.

"హా భాయ్, ఇస్ హఫ్తే హో జాయేగా," అని ఈ వారానికి మాటిచ్చి పెట్టేశాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తేసరికి గేటు దగ్గర ఆస్పత్రి బస్సు ఆగి ఉంది. తెల్లకోటు చేతి మీద వేసుకుని జ్యోతి వేళకంటే ముందే దిగుతోంది. యిర్మీయా గబుక్కున ఇంజన్ ఆపి కిందికి దిగాడు.

"పెట్రోలు ఎంత తాగుద్దో చెప్పారా?" అంది వస్తూనే.

"తాగనీ అక్కా. ఏనుగును కట్టేసుకునేటోడు చెరుకుగడలు లెక్కబెడ్తడా?"

"మా వార్డులో సిస్టరు హైబ్రిడ్ కొనుక్కుంది బాబూ. రియాద్ వెళ్లొచ్చినా ముల్లు కదలదంట. ఏసీ వేస్తే ఐసు."

"మిక్సీ గూడ కరెంటుతోనే నడుస్తదక్కా. దానిమీదెక్కి ఊరేగుతమా?"

యిర్మీయా పక్కున నవ్వాడు. ఈసారి జ్యోతి పప్పులుడకవని ధైర్యమొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. భర్త వైపు చూడకుండా ఒక అడుగు ముందుకేసింది.

"గేర్‌బాక్స్ రెండుసార్లు విప్పారు. ఆ సంగతి చెప్పారా ఈయన?"

ధీరజ్ మొహంలో నవ్వు ఆగిపోయింది. యిర్మీయా వైపు చూశాడు. యిర్మీయా తెల్లబోయి భార్యను చూస్తున్నాడు. ఆ చూపే ఒప్పుకోలైపోయింది. ధీరజ్ బానెట్‌ని మెల్లగా దించాడు, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి కప్పినట్టు.

"ఇంట్ల అడిగి జెప్తనన్నా," అన్నాడు. ఇక చెప్పడని ముగ్గురికీ తెలుసు.

అతని కారు వీధి మలుపు దాటగానే యిర్మీయా ఆమె వైపు తిరిగాడు.

"గేర్‌బాక్స్ మీద స్పానర్ పెట్టిందెవరు జ్యోతీ?"

"ఎవరూ పెట్టలేదు."

"మరి? శుక్రవారం ఇంటి ప్రార్థనలో ప్రభువు సాక్ష్యం చెప్పే నోరది. అబద్ధం ఎలా వచ్చింది?"

"వచ్చింది."

"ఇన్నేళ్లు పొద్దున్నే నిన్ను డ్యూటీకి దింపిన బండి. నన్ను తిట్టు, పడతాను. దీనిమీద ఎందుకింత పగ?"

"పగా?" అంది జ్యోతి.

ఇంకా వెచ్చగా ఉన్న బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. యిర్మీయా జేబులో ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ మందూబే. అతను ఎత్తలేదు. మోగి మోగి అదే ఆగింది.

"ఈ కుర్రాడు కాకపోతే ఇంకొకడొస్తాడు," అన్నాడు నీరసంగా. "ఎంతమందిని తరుముతావు?"

"తెలుసు. ఎవడో ఒకడు కొనేస్తాడు." ఆమె కళ్లు తుడుచుకోలేదు, చెయ్యి బానెట్ మీంచి తియ్యలేదు. "బండి మీ పేరునుంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టరు కదండీ."