తాళంచెవి మింగిన ఏనుగు

"ఉత్తమ కథల నాన్న"గా మిమ్మల్ని ఎంపిక చేశామని బడి నుంచి ఫోన్ రాగానే కళ్లజోళ్ల దుకాణం యజమాని గుండె గుభేలుమంది.

ఒక్క కథ చదివి ఉంటే ఒట్టు.

బడిలో ఒక నియమం ఉంది. రెండో తరగతి పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఇరవై నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని కథ చదివి వినిపించాలి. ఆ కథేమిటో పిల్లలు పచ్చ నోటుబుక్కులో మూడు వాక్యాల్లో రాయాలి. కింద పెద్దల సంతకం ఉండాలి.

భార్య నర్సు. ఆమెవన్నీ సాయంత్రం డ్యూటీలు. కాబట్టి కథల పని ఈయన నెత్తిన పడింది. ఈయనేమో పొద్దస్తమానం వచ్చినవాళ్లందరి చేతా గోడ మీది అక్షరాలు చదివించి, ఇంటికొచ్చాక అక్షరం కనబడితే ఆవులించే రకం. వారానికి సరిపడా సంతకాలు ఆదివారం ఒక్క ఊపులో గీకేసేవాడు. కూతుర్ని ముద్దుగా పిచ్చుక అంటారు. అది "నాన్నా, ఒక్కటి చదవవా?" అని చుట్టూ తిరిగితే, "రేపు చదువుకుందాం తల్లీ" అనేవాడు. నాలుగు నెలలుగా ఆ రేపు రానేలేదు.

ఇప్పుడేమో నచ్చిన కథ గురించి వేదికెక్కి మాట్లాడాలట. పరువు గంగలో కలిసేలా ఉంది.

మొదటిసారి పచ్చ నోటుబుక్కు తెరిచి చదివాడు. తుమ్ములు దాచుకున్న మేక. వానకు భయపడ్డ గొడుగు. తాళంచెవి మింగిన ఏనుగు.

ఏనుగు కథ బాగున్నట్టుంది. "ఏనుగు తాళంచెవి మింగేసింది. తలుపు తెరుచుకోలేదు కాబట్టి ఎవరూ పనికి వెళ్లలేదు. అందరూ రోజంతా ఇంట్లోనే ఉన్నారు." దాని కింద టీచరు ఎర్ర సిరాతో రాసింది: "చక్కని ఎంపిక! పిల్లలందరూ తప్పక చదవాల్సిన పుస్తకం."

బడి లైబ్రరీలో తనే చదువుకుంటోంది కాబోలు, గట్టి పిల్లే అని మురిసిపోయాడు. ఆ పుస్తకం కోసం షాపుకు పరుగెత్తాడు. షాపతను పేరు వినగానే తల పంకించాడు.

"అదా! తెగ అమ్ముడుపోతోంది సార్. నిన్ననే ఆఖరి కాపీ పోయింది."

"కథ ఎలా ఉంటుంది?"

"అడగాలా సార్? క్లాసిక్కు!"

ఊరి గ్రంథాలయంలో లైబ్రేరియన్ కంప్యూటర్ వైపైనా చూడకుండా, "ఎవరో తీసుకెళ్లారండీ, వచ్చే వారం రండి" అంది.

పిచ్చుకనే అడుగుదామంటే నామోషీ. సంతకాలు చేసినవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? చేసేదిలేక ఆ మూడు వాక్యాలూ బట్టీపట్టి వేదికెక్కాడు.

"మా అమ్మాయికి చదివి వినిపించినవాటిలో ఏనుగు కథంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు మా నాన్న ఒళ్లో కూర్చుని విన్నాను" అన్నాడు. ఎలాగూ అబద్ధమాడుతున్నప్పుడు పిసినారితనం దేనికని ఆయన ఉద్దేశం.

హెడ్మిస్ట్రెస్ కళ్లొత్తుకుంది. "నేను దాన్ని మూలంలోనే చదివాను. అనువాదంలో ఆ అందం కాస్త తగ్గింది" అంది. టీచర్లందరూ అవునవునన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో పిచ్చుక మాత్రం నోరు తెరుచుకుని అలా చూస్తుండిపోయింది.

ఇంటికొచ్చి షీల్డును అలమరలో పెట్టాడు. గండం గడిచింది. అయినా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. సిగ్గేసింది. కూతుర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ ఏనుగు పుస్తకం పట్రా తల్లీ. ఇవాళ నిజంగానే చదువుకుందాం."

పిచ్చుక కదల్లేదు. గౌను అంచు నలుపుతూ నేల చూపులు చూసింది.

"కోప్పడవుగా?"

"ఎందుకు కోప్పడతాను? ఎక్కడుందో చెప్పు."

"పుస్తకం ఎక్కడిది నాన్నా, నువ్వు చదవట్లేదని ఆ కథలన్నీ నేనే అల్లి రాసేశాను!"