కరిగిన రేకులు

లెన్సును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. లోపల ఏదో గలగలమంది.

ఫొటోగ్రాఫరు మళ్లీ ఊపి చూశాడు. పత్రికకు ఆటల ఫొటోలు తీసే మనిషి ఆయన. మైదానంలో ఈ చివర కూర్చుని, ఆ చివర ఆటగాడి నుదుటి మీది చెమటచుక్కను పట్టుకునే పెద్ద లెన్సు అది. ఇంట్లో దాన్ని ముట్టుకునే హక్కు ఆయనొక్కడిదే. భార్య దుమ్ము దులపాలన్నా ముందు అనుమతి అడగాలి. సాయంత్రం చూస్తే ఫైనల్ మ్యాచ్. దాన్ని కెమెరాకు తగిలించి ఎదురుగా ఉన్న గోడను ఫొటో తీశాడు. ఫొటోలో తెల్లటి గోడ మధ్యలో నల్లటి మచ్చ పడింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

ఆ కేకకు వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "నేనైతే ఆ బీరువా ఛాయలకు కూడా పోనండీ. నిన్న మీరు వేరే ఊళ్లో ఆటకు వెళ్లారు కదా, దారిలో ఎక్కడైనా తగిలిందేమో?"

"నిన్న చిన్న కెమెరానే తీసుకెళ్లాను. ఇది ఇంట్లోనే ఉంది."

ఇక మిగిలింది పిట్ట. ఎనిమిదో తరగతి చదివే కూతురు. వసపిట్టలా వాగుతుందని ఆ ముద్దుపేరు పెట్టింది ఆయనే. అలాంటి పిల్ల నిన్నటి నుంచి నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చుంది. ఇప్పుడూ అంతే. కిటికీ పక్కన ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుందే గానీ, పొద్దుటి నుంచి ఒక్క పేజీ తిరగలేదు.

"పిట్టా, లెన్సు ముట్టుకున్నావా?"

పిట్ట ఉలిక్కిపడి లేవబోయి ఎదురుగా ఉన్న స్టూలును తన్నుకుంది. దానిమీది గ్లాసు దొర్లి నీళ్లన్నీ ఒలికిపోయాయి.

"లే... లేదు నాన్నా."

ఆ మాట నాన్నకు కాదు, నాన్న చెవి పక్కనున్న గోడకు చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనని ఆయనకు తేలిపోయింది.

"నిన్నటి నుంచి తలనొప్పి తలనొప్పి అంటోంది. ఇప్పుడు దాని వెంట పడతారెందుకండీ?" అంది భార్య.

"తప్పు చేసినవాళ్లకు వచ్చే తలనొప్పే అది! పదవే నాతో. మెకానిక్ లెన్సు విప్పాడంటే నిజం అదే బయటపడుతుంది."

దారి పొడవునా ఆయన సాధిస్తూనే ఉన్నాడు. "కింద పడేశావా? పడేస్తే పడేశానని చెప్పు. వస్తువు పోతే పోయింది, మాట పోకూడదు." పిట్ట ఆయన చొక్కా అంచు పట్టుకుని వెనకాలే నడిచింది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు అలాగే పట్టుకునేది. తనను మెత్తబరచడానికి ఆడే నాటకమనుకుని ఆయన చొక్కా విదిలించుకున్నాడు.

మెకానిక్ ఆయనకు పాత స్నేహితుడే. కెమెరా నుంచి లెన్సు ఊడదీసి విప్పి, బల్ల మీది దీపం దగ్గరికి లాక్కుని, చిన్న పట్టకారుతో లోపలి నుంచి ఏవో నల్లటి ముక్కలు తీసి కాగితం మీద పెట్టాడు.

"అన్నా, ఇది పడిన దెబ్బ కాదు. పడితే ముందు అద్దం పగలాలి. అద్దం చెక్కుచెదరలేదు. లోపల వెలుగును తగ్గించే సన్నటి రేకులుంటాయే, అవే ఇవి. కరిగి ముడుచుకుపోయాయి. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సారు కూడా కాలింది."

"కాలిందా? మా ఇంట్లో నిప్పెక్కడిదిరా?"

"ఇంట్లో కాదన్నా, ఆకాశంలో. నిన్న సూర్యగ్రహణం కదా! నల్ల ఫిల్టరు లేకుండా ఎవరో దీన్ని సూర్యుడికి ఎదురుగా పెట్టారు. భూతద్దం కింద కాగితం కాలడం చూడలేదా? అదే జరిగింది."

ఫొటోగ్రాఫరుకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫిల్టరు తను నిన్న తీసుకెళ్లిన సంచిలోనే ఉండిపోయింది.

పిట్ట బావురుమంది. "నేనే నాన్నా! గ్రహణం రోజే వేరే ఊరికి పంపిస్తున్నారని నువ్వు ఎంత బాధపడ్డావు! నీకోసం తీసి పెడదామనుకున్నా. ఫిల్టరు ఇల్లంతా వెతికా, దొరకలేదు. కెమెరాకు ఆనించిన కన్ను నీళ్లు కారుతుంటే రెండో కన్ను ఆనించి చూశా. అయినా ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు."

మెకానిక్ చేతిలోని పట్టకారు ఆగిపోయింది. "అన్నా, ఒక్క నిమిషం..." అన్నాడు.

ఆయనకు అది వినబడలేదు. కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తనకోసమా! ఆ ముక్క నిన్ననే చెప్పి ఉంటే కడుపులో పెట్టుకుని ఉండేవాడు కాదూ?

"మరి ఇంట్లో అడిగితే లేదన్నావేం? లెన్సు పోతే ఇంకోటి వస్తుంది. నాతో అబద్ధమాడతావా? నిన్నటి నుంచి ఒక్కసారన్నా నా మొహంలోకి చూశావా నువ్వు?"

పిట్ట తలెత్తింది. చూపు మళ్లీ ఆయన చెవి పక్కకే పోయింది.

"అక్కడెక్కడో కాదు! ఇటు, నా కళ్లల్లోకి చూసి చెప్పు!"

ఈసారి పిట్ట సూటిగా ఆయన వైపే చూసింది. కళ్లు చికిలించి, రెప్పలు టపటపలాడించి, మళ్లీ చూసింది.

"ఇలా చూస్తే నువ్వు మెడదాకానే కనిపిస్తున్నావు నాన్నా. మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చే ఉంది."