మోసెస్ పేరు మీద రక్తదానం

"తాతా, జుట్టుకు రంగేసినవ్ సరే, చెవికి గూడ ఎందుకేసినవ్?"

కృతిక గట్లనంగనే లైన్ల ఉన్నోళ్లందరు పకపక నవ్విండ్రు.

ఎల్లం చెవి తుడుసుకున్నడు. నలుపు వేలికంటింది గని, చెవి మీదిది పోలే.

"రంగు సంగతి నీకెందుకు బిడ్డా, రక్తం తీస్కో. టేక్మాల్‌ల పొద్దుగాల ఫస్టు బస్సుకెక్కిన," అన్నడు.

మెదక్‌ల ఏటా జులైల జరిగే రక్తదాన క్యాంపు అది. మోసెస్ పేరు మీద పెడ్తరు. మోసెస్ అంటే ఈ ఊరి పిలగాడే. మిలిటరీల నర్సింగ్ అసిస్టెంటు. గుండ్లు పడుతుంటె మధ్యల కెల్లి పోయి, దెబ్బ తగిలినోళ్లకు కట్లు కట్టేటోడు. కార్గిల్ యుద్ధంల గా పని మీదనే పానమిడిసిండు.

ఆయన ఫొటోకు దండేసి, దాని ముంగట ఆరు మంచాలేస్తరు. రక్తమిచ్చినోళ్లకు ఒక అరటిపండు, ఒక జ్యూస్ డబ్బా, ఒక స్టీలు టిఫిన్ బాక్సు.

కృతిక నర్సింగ్ కోర్సు రెండో ఏడాది. టేబుల్ కాడ కూసునుడు ఇదే మొదటిసారి. ఎవరు బాక్సు కోసం వచ్చిండ్రో, ఎవరు దిల్‌తోని వచ్చిండ్రో ముఖం చూస్తనే చెప్తనని ఆమెకు మస్తు ధీమా.

ఎల్లం ఆధార్ కార్డు అటిటు తిప్పి చూసింది.

"యాభై తొమ్మిదిల పుట్టినవ్. అరవై ఆరు నడుస్తున్నయ్. అరవై అయిదు దాటితే తీస్కోరు తాతా."

"ఆధార్‌ల తప్పు పడ్డది."

"అందరు గదే చెప్తరు."

"జనవరి ఒకటి అని ఉన్నది, చూడు. మా ఊర్ల సగం మంది జనవరి ఒకటి నాడే పుట్టిండ్రు. గది నువ్వు నమ్ముతవా?"

మల్ల నవ్వులు. ఈసారి కృతికకు గూడ నవ్వాగలే.

"మరి అసలు ఎప్పుడు పుట్టినవ్?"

"అరవై... అరవై రెండు." ఎల్లంకు అబద్ధమాడుడు కూడా సక్కగ రాదు. "పోయినేడు ఇచ్చిన. ఆ ముందటేడు ఇచ్చిన. ఈ క్యాంపు పెట్టిన కాన్నుంచి ఒక్కేడు తప్పలే. ఈ ఒక్కసారి తీస్కో బిడ్డా. మల్ల అడగ."

కృతిక కింద డబ్బాల కెల్లి టిఫిన్ బాక్సొకటి తీసి ఆయన ముంగటికి జరిపింది.

"ఇగో, ఇది గావాలంటే తీస్కపో. దీనికోసం గిన్ని తిప్పలెందుకు?"

ఎల్లం ముఖం మాడిపోయింది. బాక్సును వెనుకకు నూకిండు.

లొల్లి విని డాక్టర్ తస్లీమ్ వచ్చింది. కుర్చీల కూసోబెట్టి బీపీ చూసింది.

"మాషా అల్లా, నా బీపీ కన్న మంచిగున్నది. కాని రూల్ ఒప్పదు అంకుల్. రేపు మీకు కండ్లు తిరిగి పడితే జవాబు నేను చెప్పాలె."

"నేను పడ. కాయితం మీద రాసిస్త."

"కుదరదు అంకుల్. ఇన్నేండ్లు ఇచ్చిండ్రు, ఇంక సాలు."

"సాలదు మేడం," అన్నడు ఎల్లం.

ఆరు మంచాలల్ల ఒకటి ఖాళీగ ఉన్నది. దాని దిక్కే చూసిండు కొద్దిసేపు.

"సరే. ఫారం అన్న ఇయ్యి బిడ్డా. నింపి పోత."

"రక్తం ఇయ్యనోళ్లకు ఫారమెందుకు?"

"ఇయ్యి. నీ సొమ్మేం పోదు."

పీడ పోతదని ఇచ్చింది. ఎల్లం మూలకు కూసొని అర్ధగంట రాసిండు. రాసింది టేబుల్ మీద పెట్టి, బస్సు టైమయితున్నదని వెళ్లిపోయిండు. కృతిక దాన్ని చూడనన్న చూడకుంట ఫారాల కట్ట అడుక్కు తోసింది.

మూడు గంటలకు మంచాలు మడుస్తుంటె లిల్లమ్మ వచ్చింది. మోసెస్ తల్లి. ఎనభై దగ్గరికొచ్చినయ్. సూదులు, రక్తం చూస్తే తట్టుకోదు గనుక అంత అయినంకనే వస్తది. వచ్చి, ఇచ్చినోళ్ల పేర్లు చదివిచ్చుకుంటది. ఒక్కొక్క పేరుకు "దేవా, సల్లగ జూడు" అంటది.

కృతిక నలభై ఒక్క పేర్లు చదివింది.

"అయిపోయినయ్ అమ్మమ్మా. ఇంకొకటున్నది గని, ఈయన ఇయ్యలే. వయసు దాటింది. బాక్సు కోసం వచ్చిండు."

"ఇయ్యాలనే వచ్చిండు గద బిడ్డా. చదువు."

"ఎల్లం, టేక్మాల్."

"దేవా, సల్లగ జూడు. ఇంకేం రాసిండు?"

ఫారం నిండ టిక్కులే. 'మీకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?' అన్న కాడ మాత్రం జాగ సాలక పక్కకు, కిందికి, వెనుకకు రాసిండు.

కృతిక చదువుడు షురూ చేసింది. రెండో లైను కాడ ఆగి, మల్ల మొదటికొచ్చింది.

లిల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "ఆపకు బిడ్డా. చదువు."

"'ఇన్నేండ్లు ఇక్కడ లేదని టిక్కు పెట్టిన. ఉన్నదని రాస్తే ఎవరిచ్చిండ్రని అడిగి, మోసెస్ అమ్మ ముంగటికి తోల్కపోతరు, ఆమెకు నా ముఖమెట్ల చూపెట్టాలె అని. ఈ ఏడు ఎట్లాగు నా రక్తం తీస్కోరు గనుక నిజం రాస్తున్న. 1999 జులైల, కార్గిల్‌ల, నాకు పొట్టల తగిలి, దవాఖాన టెంటుల ఎక్కిచ్చే రక్తం అయిపోతే, మోసెస్ తన చేతిల కెల్లి తీసి నాకెక్కిచ్చిండు, జర సేపు పండుకోమంటే వినకుంట ఇంకొకన్ని మోసుకరానీకి పోయి మల్ల రాలే.'"