లైట్లు ఆరకముందే

"ఇంకా పోలేదా?"

ఫోన్‌లో కాస్త గట్టిగానే అడిగింది ఆమె. ఆస్పత్రి క్యాంటీన్‌లో పక్క బల్లవాళ్ళు తలతిప్పి చూశారు.

అవతల వార్డు సిస్టర్ ఏదో సర్దిచెబుతోంది.

"నిన్ననే అయిపోతుందన్నారుగా సిస్టర్! ఈ శుక్రవారం దాటితే నా స్లైడు చెత్తబుట్ట పాలే!"

ఫోన్ పెట్టేసి టీ గ్లాసు అందుకుంది. చల్లారిపోయింది.

"దేనికోసమమ్మా అంత ఎదురుచూపు?"

ఎదుటి కుర్చీలో ఓ పెద్దాయన. చొక్కా మీద నీలం మఫ్లరు, వాచిన కాళ్ళకు వదులు చెప్పులు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఆమె గమనించనే లేదు.

"ఒక శాంపిల్ కోసం," అంది ముక్తసరిగా.

"ఏం శాంపిలో?"

వదిలేలా లేడు.

"గుండె. పోయాక తీసుకోండని ముందే ఒప్పుకున్న పేషెంటు ఒకాయన పైన ఉన్నాడు. ఆ గుండె ముక్కను పొరలు పొరలుగా కోసి స్లైడు మీద పరుస్తాం. ఏ మూల ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది పడకేసిందో పటం గీస్తాం."

"ఇన్నాళ్ళూ తెలియదా అది?"

"ఇన్నాళ్ళూ ముక్కనంతా కలిపి నూరేసి లెక్క తీసేవాళ్ళం. ఎంత పని జరుగుతోందో తెలిసేది. ఎక్కడ జరుగుతోందో తెలిసేది కాదు."

పెద్దాయన మొహం విప్పారింది.

"ఉద్యోగమంతా కరెంటు మీటర్లు చూస్తూ గడిపానులే. మీటరు ఇంటి మొత్తానికీ ఒకటే. ఏ గదిలో లైటు వెలుగుతోందో, ఏ గది చీకట్లో ఉందో దానికేం తెలుసు? నువ్వు గది గదీ తిరిగి చూస్తావన్నమాట!"

"అలాంటిదే."

"మరి మనిషి పోయాక గదుల్లో లైట్లుంటాయా?"

"కాసేపుంటాయి. అందుకే వెంటనే తియ్యాలి. ఆలస్యమైతే ఒక్కొక్కటే ఆరిపోతాయి."

"శుక్రవారం గొడవేమిటి?"

"స్లైడు మీది రసాయనాల పూతకు గడువు అదే. ఇంకోటి తెప్పించేలోపు మా ప్రాజెక్టే మూసేస్తారు. ఇన్నేళ్ళ కష్టం మట్టికొట్టుకుపోతుంది."

"ఆ పైనున్నాయన్ని ఎప్పుడైనా చూశావా?"

"మాకు నంబరే ఇస్తారు, పేరు చెప్పరు. అయినా చూసి నేనేం చేస్తాను?"

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ల్యాబు పెద్దసారు.

"ఇంకా లేదు సార్... నన్నేం చెయ్యమంటారు? వెళ్ళి పీక నొక్కమంటారా?"

పెద్దాయన పకపకా నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. బల్ల అంచు పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

ఆమెకు సిగ్గేసింది. మాట మార్చింది.

"మీరెవరికోసం వచ్చారు?"

"పైన మావాడొకడున్నాడు. మొండిఘటం. వాడు రెడీగానే ఉన్నాడు, డాక్టర్లే వదలడం లేదు."

"వద్దని గట్టిగా చెప్పేస్తే సరి. బలవంతంగా ఎవరూ ఉంచరు," అంది ఆమె బ్యాగు భుజాన వేసుకుంటూ.

"అంతేనంటావా?"

"అంతే."

"పటం తయారయ్యాక నాకూ చూపిస్తావా అమ్మాయ్?"

"చూద్దాం లెండి."

"పోనీ లిఫ్టు దాకా కాస్త చెయ్యి పట్టుకో. కాళ్ళు మాట వినడం లేదు."

"ఎవరైనా ఆయాను పిలవండి పెద్దాయనా. నాకు టైం లేదు."

నిజానికి ఆమెకు టైం ఉంది. ఆ రోజంతా ఎదురుచూడడం తప్ప వేరే పనే లేదు.

గురువారం మధ్యాహ్నం సిస్టర్ ఫోన్ చేసింది. ఆమె ఐసుపెట్టె పట్టుకుని పరుగెత్తింది. తలుపు సందులోంచి ఎవరో ముక్కను అందించారు. ఆమె వాళ్ళ మొహం కూడా చూడలేదు. శుక్రవారం సాయంత్రానికి పొరలన్నీ చిన్న మడత కూడా పడకుండా స్లైడు మీదకు చేరాయి.

కొన్ని వారాలకు పటం తెర మీదకొచ్చింది.

జబ్బు తినేసిన గుండె అది. సగం గదులు చీకటి. కానీ ఆ చీకటి నడుమ, అంతా చచ్చుబడిపోయిందనుకున్న చోట, సన్నగా ఒక వరస లైట్లు. పాడైన కండను బాగుచేసుకోవాలని చివరిదాకా పెనుగులాడిన కణాలు.

"పంట పండిందమ్మా!" అని పెద్దసారు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చెవుల్లో మాత్రం ఆ దగ్గే.

అడిగిందల్లా ఒక్క చెయ్యి. లిఫ్టు ఎంతో దూరం కూడా కాదు.

పటాన్ని పెద్ద కాగితం మీద రంగుల్లో తీయించి క్యాంటీన్‌కి వెళ్ళింది. అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆయన రాలేదు. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడు ఇక ఉండబట్టలేక పై అంతస్తుకెక్కింది.

"సిస్టర్, మీ వార్డులో ఎవరికో తోడుగా ఒక పెద్దాయన వచ్చేవాడు. నీలం మఫ్లరు, కరెంటు మీటర్లు చూసేవాడట. ఆయనకు ఇది చూపించాలి. క్షమించమని కూడా అడగాలి."

సిస్టర్ చేతిలో పని ఆపేసింది.

"ఆయన ఎవరికీ తోడు కాదమ్మా. ఆయనకే ఎవరూ తోడు లేరు. కిటికీ పక్క మంచం ఆయనదే."

"ఇంటికి వెళ్ళిపోయాడా?"

సిస్టర్ పటం వంక చూసింది. ఆ వెలుగుతున్న వరస మీద వేలు ఆనించబోయి, వెనక్కి తీసుకుంది.

"పేర్లు చెప్పకూడదు గానీ..." గొంతు తగ్గించింది. "మెషీన్ మీద పెడితే ఇంకో పదిరోజులు ఉంటారని డాక్టర్లు ఎంత బతిమాలినా వినలేదమ్మా, 'వద్దు, శుక్రవారం దాటితే కింద ఒక పిల్ల స్లైడు చెత్తబుట్ట పాలవుతుంది' అన్నాడు."