మూడు వేళ్ల గుర్తు

"ఎవరు లాగుతున్నారో అది కూడా డాక్టరమ్మకి చెప్పు," అన్నారు మాస్టారు.

"నేను భుజం చూపించుకోవడానికి వచ్చాను. దాన్ని మీరు పంచాయితీ చెయ్యకండి," అంది ఆయన భార్య, దువ్వెన ఎత్తలేని కుడిచేతిని ఎడమచేత్తో మోసుకుంటూ.

మందులూ సూదులూ లేకుండా, చేతులతోనే కీళ్లు సర్దే కైరోప్రాక్టర్ ఆ డాక్టరమ్మ. ముఖం పెట్టుకోవడానికి రంధ్రమున్న పొడవాటి బల్ల, కొక్కేనికి వేలాడే ప్లాస్టిక్ వెన్నెముక తప్ప ఆ గదిలో వేరే ఆర్భాటం లేదు.

"ఎవరమ్మా లాగేది?" అని ఆవిడ నవ్వుతూ అడిగింది.

జవాబు మాస్టారే ఇచ్చారు. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన మనిషి; ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు తానే చెప్పడం ఆయనకు వృత్తి అలవాటు. "నిద్రలో ఎవరో చెయ్యి పట్టుకుని లాగుతున్నారట! తలుపు గడియ నేనే స్వయంగా వేస్తాను. గాలి కూడా దూరని గదిలోకి మనిషెలా దూరతాడమ్మా? ఎముకల లోపమైతే మీరు తేల్చండి. కాదంటే రేపే మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

వాదనలో ఆయన చేయి ఎత్తినప్పుడల్లా, ఎప్పుడో ప్రయోగశాలలో విరిగి వంగడం మానేసిన చిటికెన వేలు ఒక్కటే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, నిటారుగా నిలబడేది.

"ఆ లాగేవాళ్ల జోలికి వెళ్లకండి డాక్టరమ్మా. భుజం ఒక్కటే చూడండి," అంది భార్య.

"విన్నారా? పైగా వెనకేసుకురావడం ఒకటి!"

డాక్టరమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. "పాత దెబ్బలేమైనా ఉన్నాయా అమ్మా? బరువులు మొయ్యడం, పిల్లల్ని ఎత్తుకోవడం లాంటివి?"

"ఒక పాప ఉండేది. వాగు దాటుతుంటే..."

"అది ముప్పై ఏళ్ల కిందటి మాట," అని మాస్టారు అడ్డొచ్చారు. "దానికీ భుజానికీ సంబంధం లేదు."

ఫ్యాను గాలికి ప్లాస్టిక్ వెన్నెముక టకటకమంది. ఉలిక్కిపడింది మాస్టారే. పోయిన కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంటోందని భార్య నమ్ముతున్నదేమోనన్నది ఆయన బెంగ. కూతురు ఎలాగూ దక్కలేదు. ఈ వయసులో ఈమె కూడా ఆ నమ్మకం వెంట వెళ్లిపోతే తనకు మిగిలేదేమిటి? ఆ మాట పైకి అనలేకనే ఆయన వెటకారమాడుతున్నారు.

డాక్టరమ్మ భుజాన్ని అన్ని వైపులా కదిపి చూసింది. తర్వాత ముంజేతి మీది బట్ట పైకి జరిపింది. మణికట్టుకు కొంచెం పైన, కమిలిన మచ్చలు. ఒకవైపు మూడు, అవతలివైపు ఒకటి.

"ఇది లాగిన నొప్పే మాస్టారూ. కీలు ముందుకి జారింది. ఎవరో గట్టిగా పట్టుకున్నారు కూడా."

మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు. ఆయన ముఖం విప్పారింది. "లెక్కపెట్టండమ్మా! బొటనవేలు కాక నాలుగు వేళ్లు పడాలి మనిషి పట్టయితే. ఇక్కడున్నవి మూడే. కాబట్టి ఇది పట్టు కాదు. మంచం కమ్మీ ఒత్తుకుని ఉంటుంది."

"మీ మంచానికి కమ్మీలున్నాయా?"

"చెక్క మంచం," అంది భార్య.



"లాగుతున్నప్పుడు కళ్లు తెరిచి చూడలేదా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"తెరవను. తెరిస్తే పట్టు వదిలేస్తారు."

డాక్టరమ్మ ఆమెను మెల్లగా బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ముఖాన్ని రంధ్రంలో సర్ది, కుడిచేతిని కిందికి వేలాడదీసింది.

"మాస్టారూ, మా సహాయకురాలు ఇవాళ రాలేదు. నేను భుజం ఎముక సర్దుతుంటే చెయ్యి కదలకుండా కిందికి పట్టి ఉంచాలి. మీరు పట్టుకోండి."

"పట్టుకుంటాను గానీ, కీలు కటుక్కుమనగానే నయమైపోయిందని చెప్పకండి. అది ద్రవంలో పేలే గాలి బుడగ."

"బుడగేలెండి. దానికి నేను ఫీజు వేయను," అంది డాక్టరమ్మ.

మాస్టారు ముక్కాలిపీట లాక్కుని కూర్చుని భార్య ముంజేతిని పట్టుకున్నారు. ఎన్నాళ్లయిందో ఆ చేతిని పట్టుకుని, అనుకున్నారు.

"అలా నాడి చూసినట్టు కాదు. గట్టిగా."

ఆయన పట్టు బిగించారు. మూడు వేళ్లు మూడు మచ్చల మీద, బొటనవేలు నాలుగో మచ్చ మీద అచ్చుకు పోసినట్టు కూర్చున్నాయి. చిటికెన వేలు విడిగా, గాలిలో, నిటారుగా నిలబడింది.

డాక్టరమ్మ చేతులు భుజం మీదే ఆగిపోయాయి.

మాస్టారు ఆ చేతివంక, అది మరెవరిదో అయినట్టు చూశారు. వదిలెయ్యాలనుకున్నారు. వేళ్లు ఆయన మాట వినలేదు.

అప్పుడు బల్ల రంధ్రంలోంచి, నేలతో మాట్లాడుతున్నట్టు, భార్య గొంతు వినిపించింది.

"రోజూ ఇలాగే పట్టుకుంటారు డాక్టరమ్మా. నిద్రలో ఏడుస్తూ, 'ఈసారి వదలను తల్లీ, ఈసారి వదలను' అంటూ."